మోడల్ కార్లు సేకరించే వ్యక్తి (కలెక్టర్) పోయాక ఆయన కార్లు కొని, తిరిగి అమ్మడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి పెద్ద పోయాక ఆయన అల్మారాల్లో మిగిలిపోయిన స్కేల్ మోడల్ కార్లను గంపగుత్తగా కొని, తర్వాత విడివిడిగా అమ్మాలనుకునేవారు అడిగే ప్రశ్నలివి. మధ్యలో కుటుంబాల వైపు నుంచి వచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి.

మొదటి ఫోన్‌లో ఏం మాట్లాడాలి?

ధర తప్ప ఏదైనా. "సుమారుగా ఎంత వస్తుందండీ?" అని వాళ్లే అడుగుతారు. సరుకు చూడకుండా మీరు చెప్పిన అంకె వాళ్ల మనసులో ఉండిపోతుంది. తర్వాత తగ్గిస్తే మోసం అంటారు. పెంచితే, మొదట తక్కువ ఎందుకు చెప్పాడన్న అనుమానం. ఎన్ని కార్లు, ఏ సైజు, పెట్టెలు ఉన్నాయా, ఆయన లిస్టు ఏమైనా రాసుకున్నారా, నిర్ణయం ఎవరిది, ఇల్లు ఖాళీ చేయాల్సిన తొందర ఉందా, ఇవి అడగండి చాలు.

ఆయన పోయి కొద్ది రోజులే అయితే నేను వెళ్లను. కొంతకాలం ఆగమని నేనే చెబుతాను. కానీ రెండు మాటలు మాత్రం ఆ రోజే చెప్పాలి: ఖాళీ పెట్టెలు పారేయొద్దు, కార్లను తడిగుడ్డతో తుడవొద్దు. ఇల్లు సర్దేవాళ్లు మొదట బయట పడేసేవి ఆ అట్టపెట్టెలే. విలువలో పెద్ద వాటా వాటితోనే పోతుంది.

అమ్మే హక్కు ఎవరికి ఉందో ఎలా తెలుసుకోవాలి?

సూటిగా అడగాలి. వీలునామా ఉంటే దాన్ని అమలు చేసే బాధ్యత ఎవరిదో, లేకపోతే వారసులు ఎవరెవరో కనుక్కోండి. పెద్దకొడుకు ఒక్కడే సరే అన్నాడని డబ్బిచ్చి తెచ్చుకుంటే, నెల తర్వాత కూతురు ఫోన్ చేసి "నాన్న ఆ ఎర్ర ఫెరారీ నాకిస్తానన్నారు" అనొచ్చు. హక్కు లేనివాళ్ల దగ్గర కొన్న వస్తువు మీ చేతిలో ఉన్నా మీది కాకపోవచ్చు. వారసులందరి సంతకాలు, కార్ల జాబితా, తేదీ, ఇచ్చిన మొత్తం ఉన్న కాగితం ఒకటి రాసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. మొత్తం పెద్దదైనా, కుటుంబంలో మాట పట్టింపులు కనిపించినా వకీలుకు చూపించాకే ముందుకెళ్లండి.

ఫోటోలు చూసి ధర కట్టొచ్చా?

వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మాత్రమే. అల్మారా మొత్తం కనిపించే ఫోటోలు, కొన్ని కార్ల అడుగుభాగం ఫోటోలు, పెట్టెల చివర ఉండే లేబుళ్లు అడగండి. ఒక్కో కారునూ అందంగా ఫోటో తీసి పంపమని బతిమాలొద్దు. దుఃఖంలో ఉన్నవాళ్లకు అదో పని, పైగా వాళ్ల ఫోటోల్లో మీకు కావాల్సిన లోపాలు కనిపించవు.

ఆయన రాసుకున్న పుస్తకం దొరికింది. అందులో కొన్న ధరలన్నీ ఉన్నాయి. అదే ఆధారమా?

ఏ మోడల్, ఎప్పుడు, ఎక్కడ కొన్నారు అన్నదానికి అది బంగారమే. ధరకు మాత్రం కాదు. కొన్న ధరకూ ఇప్పటి విలువకూ సంబంధం చాలా తక్కువ, రెండు వైపులా.

ఇంకో సంగతి. ఇంట్లో చెప్పిన ధర ఒకటి, బిల్లులో ఉన్న ధర ఇంకొకటి కావడం ఈ హాబీలో కొత్తేమీ కాదు. బిల్లులు తరచుగా పెట్టెల లోపలే మడిచి ఉంటాయి. అవి ఆయన భార్య ముందు తెరిచి పైకి చదవకండి. కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి ఆవిడ చేతికివ్వండి. చూడాలో వద్దో ఆవిడే చూసుకుంటారు.

సరుకు ముందు కూర్చున్నాక ఏం చూడాలి?

ముందు సైజుల వారీగా విడదీయండి. నాలుగున్నర మీటర్ల అసలు కారు 1:18లో 25 సెంటీమీటర్లు, 1:43లో సుమారు 10, 1:64లో 7 సెంటీమీటర్లు వస్తుంది. 1:43 అనే విచిత్రమైన అంకె 'O' గేజ్ అనే సైజు బొమ్మ రైళ్ల కొలతల నుంచి వచ్చింది. హాట్ వీల్స్ లాంటివాటిని 1:64 అంటారు గానీ, పెట్టెలో పట్టేలా చేస్తారు కాబట్టి అన్నీ కచ్చితంగా ఆ స్కేల్లో ఉండవు.

తర్వాత లోహమా, రెజిన్ (గట్టిపడిన ప్లాస్టిక్ లాంటి పదార్థం) అన్నది చూడండి. బరువుగా ఉండి తలుపులు, బానెట్ తెరుచుకుంటే చాలావరకు డైకాస్ట్, అంటే అచ్చులో పోసిన లోహం. రెజిన్‌వి సాధారణంగా ఏవీ తెరుచుకోవు, కానీ వాటి ఆకారం, సన్నని వివరాలు బాగుంటాయి. అద్దాలు, యాంటెన్నా, వైపర్లు విరిగాయేమో భూతద్దంతో చూడండి. ఊడిన ముక్క పెట్టె అడుగునే పడి ఉండొచ్చు. పెట్టె ఖాళీగా ఉంది కదా అని దులపకండి.

ఎండ తగిలిన వైపు రంగు వెలిసిందేమో రెండు పక్కలూ పోల్చండి. ఎరుపు ముందు పోతుంది. ఇంట్లో సిగరెట్ తాగేవారైతే తెల్ల కార్లు, పారదర్శక మూతలు పసుపెక్కి ఉంటాయి. వాసన పెట్టెల్లో ఏళ్ల తరబడి ఉంటుంది, కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

టైర్లను మర్చిపోవద్దు. మెత్తని పీవీసీ టైర్లలోంచి ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే రసాయనం) కారి, అవి ఆనుకున్న ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. చాలాకాలం కదలకుండా నిలబెట్టిన కారు టైరు, కింది ప్లాస్టిక్ దిమ్మకు అతుక్కుపోయి ఉంటుంది. పట్టి లాగితే ఇరుసు వంగుతుంది.

పెయింట్ కింద పొక్కులు, సన్నని పగుళ్లు ఉన్నాయి. ఏమిటవి?

పొక్కులైతే ఒక్కోసారి తేమ వల్ల పెయింట్ మాత్రమే లేచి ఉండొచ్చు. లోహమే పగిలి, వంగి, ఉబ్బితే అది జింక్ పెస్ట్. డైకాస్ట్ కార్లు జింక్ మిశ్రమంతో పోస్తారు. అందులో సీసం లాంటి మలినం కొద్దిగా ఎక్కువైనా లోహపు రేణువుల మధ్య లోపల్లోపలే తుప్పు పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముక్కలుగా రాలిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన డింకీ అనే బ్రిటిష్ బొమ్మ కార్లలో ఇది బాగా ఎక్కువ, కానీ ఈ పాతికేళ్లలో తయారైన ఖరీదైన 1:18, 1:43 మోడళ్లలో కూడా కనిపిస్తుంది.

దీనికి వైద్యం లేదు. వేడి, తేమ తగ్గిస్తే నెమ్మదిస్తుంది, అంతే. పక్క కారుకు అంటుకుంటుందన్న భయం మాత్రం అక్కర్లేదు, ఇది అంటువ్యాధి కాదు. అయితే ఒకే బ్యాచ్‌లో పోసిన కార్లన్నిటికీ వచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఒకదానిలో కనిపిస్తే, అదే మోడల్ వేరే రంగుది ఉంటే దాన్నీ తిప్పి చూడండి. తలుపు అంచుల దగ్గర సందు సమంగా లేకపోవడం, మూత సరిగ్గా పడకపోవడం తొలి గుర్తులు. అలాంటి కారు ధరలో సున్నాగా రాసుకుంటాను. అమ్మితే లోపం ఫోటోతో సహా చూపించి, విడిభాగాల కోసమే అమ్ముతాను.

ఏ బ్రాండ్లు చూస్తే ఆశ పెట్టుకోవచ్చు?

బ్రాండ్ ఒక్కటే చాలదు గానీ, అడిగారు కాబట్టి చెబుతాను.

పాత బ్రిటిష్ బొమ్మల్లో డింకీ (లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది), 1956లో మొదలైన కార్గీ, లెస్నీ కంపెనీ 1953 నుంచి చేసిన మ్యాచ్‌బాక్స్. వీటిలో రంగు తేడా, చక్రం తేడా, పెట్టె తేడా ధరను తలకిందులు చేస్తాయి. మ్యాచ్‌బాక్స్‌లో ఒకే మోడల్ బూడిద రంగు ప్లాస్టిక్ చక్రాలతోనూ, నల్లవాటితోనూ వచ్చి ఉండొచ్చు. 1969 నుంచి సూపర్‌ఫాస్ట్ చక్రాలు వచ్చాయి. కార్గీ 1965లో తెచ్చిన బంగారు రంగు జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్ చాలా ఇళ్లలో దొరుకుతుంది. అది లక్షల్లో అమ్ముడైన బొమ్మ. ఎగిరిపడే సీటు మీద బొమ్మ మనిషి, పెట్టె, రహస్య సూచనల కవరు అన్నీ కలిసి ఉంటేనే దానికి లెక్క.

హాట్ వీల్స్‌లో 1968 నుంచి 1977 దాకా వచ్చిన రెడ్‌లైన్లు, అంటే టైరు మీద ఎర్ర గీత ఉన్నవి, పక్కన పెట్టి నిదానంగా చూడండి. అడుగున అచ్చు వేసిన సంవత్సరం ఆ డిజైన్ కాపీరైట్‌ది, ఆ కారు తయారైన ఏడాది కాదు. 1968 అని ఉన్న కారు చాలా ఏళ్ల తర్వాత పోసింది కావచ్చు. 1995లో మొదలైన ట్రెజర్ హంట్ సిరీస్‌లో, రబ్బరు టైర్లు, మెరిసే స్పెక్ట్రాఫ్లేమ్ పెయింట్ ఉన్న సూపర్ రకాలకు గిరాకీ నిలకడగా ఉంది.

పెద్దవాళ్ల కోసం చేసిన మోడళ్లలో 1:18కి సీఎంసీ, ఎక్సోటో, ఆటోఆర్ట్, క్యోషో, రెజిన్‌లో బీబీఆర్, 1:43లో మినీచాంప్స్, స్పార్క్. కొన్ని మినీచాంప్స్ ఫార్ములా వన్ కార్లను, అసలు కార్ల మీదున్న సిగరెట్ కంపెనీల పేర్లు లేకుండా అమ్మారు. కలెక్టర్లు ఆ పేర్లున్న డెకాల్స్ (అతికించే పలుచని ముద్రలు) విడిగా తెప్పించి అతికించుకునేవారు. ఈయన అతికించారా, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందా అన్నది రాయాలి. కొందరు కొనుగోలుదారులకు అతికించినదే ఇష్టం, కొందరు ముట్టుకోరు.

ఇక నిరాశపరిచేవి: మ్యాచ్‌బాక్స్ మోడల్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్‌లో 1970ల తర్వాతవి, లెడో కంపెనీ ప్రచార వ్యాన్లు, వారపత్రికలతో పాటు వచ్చిన 1:43 సిరీస్‌లు, ఫ్రాంక్లిన్ మింట్ 1:24 కార్లలో చాలావరకు. మంచివి కావని కాదు, ఫ్రాంక్లిన్ మింట్ పనితనం నిజంగా బాగుంటుంది. కానీ కొన్నవాళ్లంతా పెట్టెతో సహా భద్రంగా దాచారు. ఇప్పుడు అందరి ఇళ్ల నుంచీ ఒకేసారి బయటికి వస్తున్నాయి.

లిమిటెడ్ ఎడిషన్ సర్టిఫికెట్ ఉంది కదా, విలువ ఎక్కువేగా?

ఎన్ని చేశారో చూడండి. వేలల్లో చేసినదానికి ఆ మాట అలంకారమే. వందల్లో చేసి, ఆ అసలు కారుకు అభిమానులు కూడా ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. సర్టిఫికెట్ లేకపోతే మాత్రం ధర తగ్గుతుంది, అది ఖాయం.

పెట్టె లేకపోతే ఎంత తగ్గించాలి?

పాత డింకీ, కార్గీల్లో మంచి పెట్టె కొన్నిసార్లు కారుతో సమానమైన విలువ తెస్తుంది. ఇప్పటి 1:18కి పెట్టె, లోపలి థర్మోకోల్ లేకపోతే పార్సెల్ చేయడమే కష్టం. అందుకే రెండు విధాలా నష్టం. పెట్టెలు అటకమీదో మంచం కిందో మడిచి ఉండొచ్చు, తప్పకుండా అడగండి. దొరికాక ఏ పెట్టె ఏ కారుదో లేబుల్ నంబరుతో కలపడం ఓపిక పరీక్ష. రంగు కోడ్ కూడా సరిపోవాలి.

మళ్లీ పెయింట్ వేసినవి, నకిలీలు ఎలా పట్టుకోవాలి?

పాత బొమ్మల అడుగు రేకును రివెట్లతో బిగిస్తారు. రివెట్ తలను డ్రిల్ చేసిన గుర్తు, స్క్రూ, జిగురు కనిపిస్తే ఎవరో విప్పారన్నమాట. మూలల్లో పెయింట్ మందంగా పేరుకుని, సన్నని గీతలు మూసుకుపోతే మళ్లీ వేసిన రంగు. పెట్టెల సంగతికి అతినీల లోహిత దీపం పనికొస్తుంది. ఇప్పటి కాగితంలో మెరుపు కోసం కలిపే రసాయనాల వల్ల తెల్లని నీలి కాంతి వస్తుంది. 1930ల నాటి పెట్టె అలా వెలిగితే నమ్మొద్దు. అట్లాస్ ఎడిషన్స్ పేరుతో డింకీ కార్లు అదే రూపంలో మళ్లీ వచ్చాయి. అవి నకిలీలు కావు, చక్కగా మళ్లీ తయారు చేసినవి. పాతవాటిలో కలిపి అమ్మితేనే తప్పు.

మార్పులు చేసిన వాటికి కలెక్టర్ల భాషలో వరుసలున్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే కోడ్ 1, తయారీదారు అనుమతితో మార్చితే కోడ్ 2, అనుమతి లేకుండా మార్చితే కోడ్ 3. మీ లిస్టింగ్‌లో (అమ్మకపు ప్రకటనలో) ఆ మాట వాడితే సగం ప్రశ్నలు రావు.

మొత్తానికి ఎంత ఇవ్వాలి?

అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. అమ్మకానికి పెట్టినవాడు ఎంతైనా రాసుకోవచ్చు. ఈబేలో అమ్ముడైనవాటిని విడిగా చూపించే వడపోత ఉంది. ఒకే అమ్మకం కాకుండా చివరి నాలుగైదు తీసుకోండి, పెట్టె స్థితి కూడా కలిసేలా.

అలా అన్నీ కలిపితే 100 వచ్చిందనుకుందాం. సైట్ కమిషన్, చెల్లింపు ఖర్చు 12 నుంచి 15 పోతాయి. ప్యాకింగ్, తపాలా తేడాకు 5 నుంచి 8. విరగడం, తిరిగి రావడం 3 లేదా 4. అమ్ముడుపోక సగం ధరకు వదిలేసేవాటి వల్ల ఇంకో 15. చేతికి 58 నుంచి 65 మధ్య మిగులుతుంది. అందులోంచే మీ పెట్టుబడి, మీ పని, లాభం. అందుకే పెట్టెలున్న మంచి మిశ్రమ కలెక్షన్‌కు 35 నుంచి 45 మధ్య ఇస్తాను. ఖరీదైనవి కొన్నే ఉండి త్వరగా అమ్ముడుపోయేలా ఉంటే 55 దాకా వెళ్తాను. పెట్టెల్లేని మామూలు సరుకుకు 20 కూడా ఆలోచించే ఇస్తాను.

పని మాట తేలిగ్గా తీసుకోకండి. ఒక్కో కారును చూసి, ఫోటో తీసి, వివరం రాసి, ప్యాక్ చేయడానికి అరగంట వేసుకోండి. 400 కార్లంటే 200 గంటలు. కొత్తవాళ్లు ఈ లెక్క వేయరు, మూడో నెలకి గది నిండా పెట్టెలు, ఒంటి నిండా టెన్షన్.

బాగున్నవి మాత్రమే ఏరుకుని కొనొచ్చా?

కొనొచ్చు, చెప్పి కొంటే. విలువ ఎప్పుడూ కొద్ది కార్లలోనే పోగై ఉంటుంది. అవి మీరు తీసుకుపోతే మిగిలినదాన్ని ఎవరూ ముట్టరు, కుటుంబం చేతిలో అమ్ముడుపోని సరుకు మిగులుతుంది. కాబట్టి రెండు ధరలు చెప్పండి: అన్నీ తీసుకుంటే ఇంత, ఇవి మాత్రమే అయితే ఇంత. మొత్తం తీసుకెళ్లి ఇల్లు ఖాళీ చేసి పెట్టడం కూడా వాళ్లకు ఒక సాయమే. దానికి తగ్గట్టు ధర తగ్గుతుందని విప్పి చెప్పండి.

కుటుంబానికి విలువ తెలియదు. అన్నీ తక్కువకే ఇస్తామంటున్నారు. నేనెందుకు చెప్పాలి?

ఈ ప్రశ్న ఎవరూ ఇంత సూటిగా అడగరు. చుట్టూ తిప్పి అడుగుతారు. నా జవాబు: చెప్పాలి. సంతలో ఇద్దరు కలెక్టర్ల మధ్య బేరం వేరు. అక్కడ ఇద్దరికీ తెలుసు, ఎవరి కన్ను వాళ్లది. ఇక్కడ తెలిసినవాడు పోయాడు. గదిలో మిగిలిన ఏకైక నిపుణుడు మీరే, కొనేవాడూ మీరే. ఆ రెండు కుర్చీల్లో ఒకేసారి కూర్చున్నప్పుడు మౌనంగా ఉండడం బేరం కాదు.

విలువైన కార్లను విడిగా పెట్టి, అమ్ముడైన ధరలు ఫోన్లో చూపించి, పై లెక్క కాగితం మీద వేసి ఇవ్వండి. "ఇంకొకరిని అడిగి రండి" అనండి. వ్యాపారంగా చూసినా ఇదే నయం. కలెక్టర్ల లోకం చిన్నది. అంత్యక్రియలకు వచ్చిన మిత్రుల్లో ఒకరు మీ లిస్టింగ్ చూసి, ఆ కారును గుర్తుపట్టి, ఆవిడకు ఫోన్ చేస్తారు.

కొనకుండా కమిషన్ మీద అమ్మిపెట్టొచ్చా?

తొందర లేని కుటుంబానికి అదే మేలు, వాళ్లకు ఎక్కువ వస్తుంది. కానీ కనీస ధర ఎవరు నిర్ణయిస్తారు, విరిగితే ఎవరిది, ఎన్నాళ్లలో లెక్క చెప్పాలి, మిగిలినవి ఎవరు తీసుకెళ్లాలి, ఇవన్నీ రాసుకోవాలి. ఖరీదైనవాటిని కమిషన్ మీద, మిగతావి గంపగుత్తగా తీసుకునే మిశ్రమ ఒప్పందం చాలా సందర్భాల్లో కుదురుతుంది.

శుభ్రం చేశాక అమ్మాలా?

మెత్తని మేకప్ బ్రష్‌తో దుమ్ము తీయండి. అంతకు మించితే పొడి మైక్రోఫైబర్ గుడ్డ. స్పిరిట్, సానిటైజర్ వాడితే ముద్రించిన అక్షరాలు, గీతలు లేచిపోతాయి. పాత పెట్టె మీద టేపు పీకొద్దు, చింపిన చోటు కన్నా టేపు ఉన్న చోటే నయం. మెరుగులు పెట్టకండి. కొన్న కలెక్టర్ తనకు ఇష్టమైనట్టు చేసుకుంటాడు.

అన్నీ ఒకేసారి అమ్మకానికి పెట్టొచ్చా?

వద్దు. ఒకే మోడల్ నాలుగు రంగుల్లో ఒకే వారం పెడితే మీకు మీరే పోటీ. పెట్టుబడి తిరిగి రావడానికి ముందు కొన్ని ఖరీదైనవి, తర్వాత రకానికి ఒకటి చొప్పున. చవకవాటిని ఐదో పదో కలిపి లాట్‌గా అమ్మండి, ఒక్కొక్కటి ప్యాక్ చేసే ఖర్చు వాటికి గిట్టదు. ఆయన ఒకే రేసు జట్టు కార్లను ఏళ్ల తరబడి పూర్తి చేసి ఉంటే, విడగొట్టే ముందు మొత్తం సెట్‌గా ఒకసారి ప్రయత్నించండి.

లిస్టింగ్‌లో ఆయన పేరు రాయొచ్చా?

కుటుంబం ఒప్పుకుంటేనే. "ఒకే కలెక్టర్ దగ్గరి నుంచి" అన్నది చాలు. "చనిపోయిన" అన్న మాటతో అమ్మకం పెంచుకోవాలని చూడకండి. పెట్టెల్లో చిరునామా ఉన్న బిల్లులు, ఉత్తరాలు, కుటుంబ ఫోటోలు ఉంటే పంపే ముందు తీసేయండి.

పార్సెల్‌లో విరగకుండా ఎలా?

పెట్టెలో పెట్టి పంపితే సరిపోదు. 1:18 కార్లను అడుగున స్క్రూలతో దిమ్మకు బిగిస్తారు. ఆ స్క్రూలు దొరికితే మళ్లీ బిగించండి. తలుపులు ఊగకుండా మెత్తని టిష్యూ చుట్టండి. బబుల్ ర్యాప్ నేరుగా పెయింట్‌కు తగిలితే వేడికి బుడగల అచ్చులు పడతాయి, కాబట్టి అది టిష్యూ పైనే. అసలు పెట్టె చుట్టూ ఖాళీ ఉండేలా ఇంకో గట్టి పెట్టె. ప్యాక్ చేసేముందు ఫోటోలు తీసి పెట్టుకోండి.

కలెక్షన్‌లో కట్టని కిట్లు (ముక్కలు కలిపి కారు చేసుకునేవి) కూడా ఉన్నాయి. వాటి సంగతేంటి?

సీలు తీయని తమియా లాంటి కంపెనీ కిట్‌కు కొనేవాళ్లుంటారు. కట్టేసినదానికి, ఎంత బాగా కట్టినా, సాధారణంగా అంత రాదు. తెరిచిన కిట్‌లో ముక్కలు లెక్కపెట్టండి. డెకాల్స్ పసుపెక్కాయేమో చూడండి. రేడియో రిమోట్‌తో నడిచే కార్లు ఉంటే బ్యాటరీలు ఉబ్బాయా అన్నది మొదటి పని, ఉబ్బినవాటిని పార్సెల్ చేయకండి.

కొన్నాక కుటుంబం ఒక కారు తిరిగి అడిగితే?

ఇంకా అమ్మకపోతే లెక్కలో దానికి వేసిన ధరకే ఇచ్చేయండి. జాబితాలో ప్రతి కారుకూ విడి ధర రాసి ఉంటే ఈ మాట రెండు నిమిషాల్లో తేలుతుంది. అడగకముందే, కొనే రోజునే, "మీకు కావాల్సినవి తీసి పక్కన పెట్టుకోండి, తర్వాతే లెక్కపెడదాం" అనడం ఇంకా మంచిది. ఖరీదైనదే తీసుకున్నా మొహం మాడ్చుకోకండి, ధర తగ్గించుకోండి.

అమ్ముడుపోనివి చుట్టాల పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేయొచ్చా?

ఇటీవలి బొమ్మ కార్లయితే, పెట్టె మీద రాసిన వయసు చూసి ఇవ్వండి. పాత డింకీ, కార్గీ కాలంవాటి పెయింట్‌లో సీసం ఉండొచ్చు. వాటిని చిన్నపిల్లల చేతికివ్వకండి. పెద్దవాళ్ల ప్రదర్శన మోడళ్లలో పదునైన, ఊడిపోయే ముక్కలుంటాయి, అవీ వద్దు. రంగుపోయినవి, చక్రాలు లేనివి మళ్లీ పెయింట్ వేసి బాగుచేసే హాబీ ఉన్నవాళ్లు సంచుల లెక్కన కొంటారు, ముందు వాళ్లను అడగండి.